కొండి లేని తేలు

చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు చీరుతున్న రాజ్యం కత్తిపీట పక్కకి తోసి, ఎడమ ముంజేతిని ఎండలోకి తిప్పి చూసుకుంది. పచ్చబొట్టు తేలు కనబడలేదు. చెయ్యి కడిగి మళ్ళీ చూసింది. అక్కడ ఒక బూడిదరంగు మరక ఉంది, అంతే.

లోపల సీమోను మంచం మీద కూర్చుని గుమ్మంకేసే చూస్తున్నాడు. ఒళ్ళో దింపు తీసే కత్తి ఉంది. నలభై ఏళ్ళు ఆ కత్తితోనే చెట్లెక్కి కొబ్బరి గెలలు దింపాడు. మతి పోయింది గానీ కత్తి మీద పట్టు పోలేదు. ఏడాదిగా పెళ్ళాం మొహం ఆయనకి రోజూ కొత్త మొహమే. అందుకే రాజ్యం కంచంతోపాటు ముంజెయ్యీ చాపేది. ఆయన పచ్చబొట్టు తేలును వేలితో తడిమి, "నా రాజ్యమే," అని నోరు తెరిచేవాడు. కట్టుకున్నవాడికి ముద్ద పెట్టడానికి గుర్తింపు కార్డు చూపించాల్సిన ఆడది లోకంలో ఇంకెవరైనా ఉందా! ఇప్పుడా కార్డూ చెల్లలేదు. మూడు రోజులుగా కుండలో నీళ్ళు తనే ముంచుకు తాగుతున్నాడు తప్ప మెతుకు ముట్టలేదు. ఈ పొద్దున, "ఎవత్తివే? నా ఇంట్లో నీకేం పని?" అని కత్తి ఎత్తాడు.

"ఎలీసమ్మొదినా, కాస్త చూస్తా ఉండు. లోపలికి మాత్రం ఎళ్ళకు," అని పక్కింటామెకి అప్పజెప్పి అమలాపురం ఆటో ఎక్కింది.

టాటూలు వేసే విజయకుమార్ మర్యాదస్తుడు. కుర్చీ వేసి, బొమ్మల పుస్తకం తెరిచాడు. సీతాకోకచిలుకలు, నెమలీకలు, గులాబీలు.

"పేరు వేయించుకోండి మామ్మగారూ, బావుంటాది."

"ఆయనకి చదువు రాదండీ. ఇదే తేలు, ఇలాగే, ఉన్నచోటే కావాలండి. ఈనెల మోపులు మోసి మోసి చెరిగిపోయిందండి."

అతను ఆ చెయ్యి దీపం కిందకి లాక్కుని, లీలగా మిగిలిన పాత గీతలు చూశాడు. "ఈనెల మోపు ఈ చేతి మీదే మోస్తారా? మరి రాపిడికీ ఎండకీ ఏం నిలుస్తాదండీ! చర్మం ముడతలు పడిపోయింది, సన్న గీత అలుక్కుపోతాది. లావుగా వేస్తాను. మీరున్నన్నాళ్ళూ చెక్కుచెదరదు."

"ఆయ్. ఆయనున్నన్నాళ్ళు ఉంటే చాలండి."

సూది గుయ్యిమంది. రాజ్యం కళ్ళు మూసుకుంది. పదేళ్ళప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆవిడ ముందు కూర్చున్న రోజు గుర్తొచ్చింది. తోక చివరికొచ్చేసరికి నొప్పి ఓర్చుకోలేక చెయ్యి లాక్కుని పరుగో పరుగు. కొండి వెయ్యకుండానే మిగిలిపోయింది. మేనత్త కొడుకు సీమోను పొట్ట పట్టుకుని నవ్వాడు. పెళ్ళయ్యాకా అదే వేళాకోళం. తను కోప్పడ్డప్పుడల్లా, "కొండి లేని తేలువి, నువ్వేం కుడతావే!" అనేవాడు. ఆ మాటకి కోపం ఎక్కడికి పోయేదో పోయేది.

కళ్ళు తెరిచి చూస్తే తేలు నల్లగా నిగనిగలాడుతోంది. తోక చివర సూదిలాంటి కొండి.

"ఇదేంటి బాబూ!"

"పాతకాలంవోళ్ళు సగంలో వదిలేసేరండి. నేను పూర్తి చేసేను," అన్నాడు అతను సంతోషంగా. "కొండి లేకపోతే అదేం తేలండీ?"

"తీసెయ్యి బాబూ, నీకు దణ్ణం పెడతాను."

"తీసేది కాదండీ ఇది," అన్నాడతను బిత్తరపోయి.

ఆటోలో దారి పొడుగునా రాజ్యం ఆ కొండినే చూసుకుంది. ఆయన చూపు ఆనదులే, గమనించడులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఎలీసమ్మ గుమ్మంలోనే ఉంది. "అరవలేదమ్మా. అరవకపోతేనే నాకు భయంగా ఉంది."

రాజ్యం మజ్జిగన్నం కలిపి, చెయ్యి ముందుకి చాపుకుంటూ వెళ్ళింది. సీమోను కళ్ళు వెలిగాయి. "తేలు!" వేలు తేలు వీపు మీంచి తోకదాకా పాకి ఆగింది.

"దీనికి కొండుంది. నా రాజ్యం తేలుకి కొండి లేదు. దొంగముండా!"

చేతిలో కత్తి ఒక్క విసురు తిప్పాడు. కంచం ఎగిరిపడింది, మెతుకులు గోడకి అంటుకున్నాయి. రాజ్యం పెరట్లోకొచ్చి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ కాపురానికి మిగిలిన ఒక్క సాక్ష్యమూ దొంగ సాక్ష్యమైపోయింది కదా! ఏడ్చి ఏడ్చి లేచింది. ఆకలితో ఉన్న మనిషి లోపల ఉన్నాడు. పాత చీర పీలిక చింపి, కొండి ఒక్కటే మరుగయ్యేట్టు కట్టుకుని, మళ్ళీ అన్నం కలిపింది.

ఈసారి వేలు పీలిక దగ్గర ఆగింది. "దెబ్బ తగిలిందా?"

"ఈనె గీరుకుంది బావా."

"కొండి లేదుగా?"

"లేదు బావా."

"అయితే నువ్వే." గొంతు తగ్గించాడు. "ఇందాక నీలాంటిదే ఎవత్తో వచ్చింది. జాగ్రత్త. ఇది నీ దగ్గరుంచుకో," అని కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నాలుగు ముద్దలు తిన్నాడు. ఆమె ముంజేతిని పీలిక మీదుగా పట్టుకుని పడుకున్నాడు. లేస్తే ఆ పట్టు వదులుతాడని రాజ్యం కదల్లేదు. బయట ఈనెలు ఎండిపోతున్నా లేవలేదు. ఎండ గుమ్మం దాటి మంచం కోడు దాకా వచ్చింది. అప్పుడు చూసింది, ఆయన పొట్ట ఎగరడం లేదు.

రాజ్యం కుడిచేత్తో ముడి విప్పుకుని, పీలిక ఆయన పిడికిట్లోనే వదిలి, చెయ్యి మెల్లగా లాక్కుంది. తరవాత ఎలీసమ్మను పిలిచింది.

స్నానం చేయించేటప్పుడు ఎలీసమ్మ ఆ పిడికిలి విప్పి, గుడ్డముక్క తీసి మంచం కోడు మీద వేసింది. తెల్లటి పీలిక మధ్యలో, చెమ్మకి దిగిన సిరా, వంకరగా చిన్న కొండి.