బూంది బతికినంత కాలం

పొద్దున్నే లేచి ఇంకా నీళ్ళు వెచ్చబెడుతున్నాను. కాఫీకి కాదు. వేలు ముంచి చూసుకుని, మగ్గులో పోసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బాల్కనీ వైపు నడిచాక గుర్తొస్తుంది, బూంది లేదు కదా అని. ఏం చేస్తాం, ఆ నీళ్ళతో నా మొహమే కడుక్కుంటాను. నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. మనిషి పోతే పదిమంది వచ్చి పలకరిస్తారు. కుక్క పోతే "అయ్యో, అవునా" అని మళ్ళీ ఫోన్ చూసుకుంటారు. మా ఆఫీసులో అదే జరిగింది, పోనివ్వండి.

మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక సందులో టీ బండి దగ్గర తిరుగుతుండేది. పసుప్పచ్చని ఒళ్ళు, మీద గోధుమరంగు చుక్కలు. బూంది అని పేరు పెట్టింది నేనే. ఓ సాయంత్రం ఎవరిదో క్యాబ్ వెనక్కి వస్తూ దాని నడుం మీదుగా పోయింది. దెబ్బ తగిలిన కుక్కల్ని చేరదీసే పుణ్యవతి ఆటోలో వచ్చి తీసుకుపోయింది. తర్వాత చూడ్డానికి వెళ్తే, గోనెపట్టా మీద పడుకుని నన్ను చూసి ముందుకాళ్ళతోనే పాక్కుంటూ వచ్చింది.

"పానమైతే దక్కిందక్కా. కానీ ఇగ నడవది" అంది పుణ్యవతి. "ఉచ్చ సుత దానంతట అది పోసుకోలేదు. పూటపూటకీ పొట్ట ఒత్తి పోయించాలె. గిసొంటి కుక్కను ఎవరు పెంచుకుంటరు చెప్పు? మందులు, డాక్టరు మా జిమ్మ. ఇల్లు, చేతులు నీవి. అది బతికినంత కాలం. మధ్యల వద్దంటే నడ్వది మరి."

"ఆ పని నాకు వచ్చు" అన్నాను.

వచ్చు మరి. మా మామగారు భీమేశ్వరరావుగారు పక్షవాతంతో మంచాన పడ్డప్పటినుంచి పోయేదాకా ఉచ్చ సంచి ఖాళీ చేయడం, ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం అన్నీ నేనే చేశాను. ల్యాప్‌టాప్ ఆయన మంచం పక్కనే పెట్టుకుని, మీటింగులో మైకు ఆపేసి చేసేదాన్ని. కన్నతండ్రిని అలా చూస్తే మా ఆయన తేజకి కళ్ళు తిరుగుతాయట. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. "కోడలన్నాక ఆ మాత్రం చేయదేవిటి" అని చుట్టాలతో అనేవారు. మామగారు మాత్రం నేను దుప్పటి తీసిన ప్రతిసారీ మొహం గోడవైపు తిప్పుకునేవారు. ఆయన సిగ్గు చూడలేక నేనూ తల వంచుకునే ఉండేదాన్ని. పని ముగించి, సబ్బుతో చేతులు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పప్పుకి తాలింపు వేసేదాన్ని. ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తినేవారు.

బూందిని కూకట్‌పల్లిలో మేం అద్దెకుంటున్న ఫ్లాటుకి తెచ్చిన రోజే అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఛీ ఛీ, కుక్క ఉచ్చ పట్టిన చేతులతో వంటేవిటే? మేం ఎలా తినేది?" అవే చేతులండీ అత్తయ్యా అని నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మింగడంలో నాకు డిగ్రీ ఇవ్వొచ్చు. "పిల్లల్లేని ముచ్చట కుక్కతో తీర్చుకుంటోంది" అని ఆవిడ ఎవరితోనో ఫోన్లో అంటుంటే అదీ మింగాను. తేజ అయితే, "నీకు పిచ్చిగానీ పట్టిందా సంయుక్తా? ఓ సినిమా లేదు, షికారు లేదు" అన్నాడు. మామగారు మంచాన ఉన్నన్నాళ్ళూ నేను సినిమా మొహం చూడలేదు. అప్పుడెవరూ పిచ్చి అనలేదు, మా కోడలు బంగారం అన్నారు.

అయినా ఎంత బాగుండేవో ఆ రోజులు. పొద్దున్నే నేను కింద కూర్చుని రెండు చేతులూ దాని పొట్టకి అటూ ఇటూ వేసి మెల్లగా ఒత్తితే, బూంది సిగ్గుపడేది కాదు. తల తిప్పి నా కళ్ళలోకే చూసేది. పనయ్యాక వెచ్చటి నీళ్ళతో తుడుస్తుంటే నా మోచెయ్యి నాకేది, థాంక్యూ చెప్పినంత పద్ధతిగా. ఎవరికో ఏదో చేసిన తర్వాత నావైపు ఓ చూపు పడటం నాకదే మొదలు. సాయంత్రం చక్రాల బండి నడుముకి కట్టి కాలనీలోకి తీసుకెళ్తే రయ్యిన పోయేది మహాతల్లి, దాని వెనక నేను చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తేదాన్ని. ఇస్త్రీ బండి ఈశ్వరమ్మ, "ఏందమ్మా, కుక్కను తిప్పుతున్నవా, కుక్కనే నిన్ను తిప్పుతుందా?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ ఇంట్లో కాపురమున్నన్నేళ్ళలో వీధిలో అంత గట్టిగా నవ్విన గుర్తు లేదు.

ఇంతలో లింగంపల్లి దాటాక మేం కొన్న ఫ్లాటు తయారైంది. "కొత్తింటికి కుక్క రాదు, ఇప్పుడే చెబుతున్నా" అన్నాడు తేజ. వెనక బాల్కనీలో ఓ మూల చాలన్నాను. అక్కడ అంట్లు తోముతారు, మైల అన్నారు అత్తగారు. గృహప్రవేశం అయ్యాక మెల్లగా ఒప్పిద్దాంలే అనుకున్నాను. మొగుణ్ణి మెల్లగా ఒప్పించడమనే పని ఎప్పటికీ అవదని తెలిసి కూడా అనుకున్నాను.

తెల్లవారుజామున ముహూర్తం. బూందికి పని ముగించి, గిన్నెలో నీళ్ళు పెట్టి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పి తలుపు తాళం వేశాను. అక్కడ ఆవూ దూడా వచ్చాయి. పైఅంతస్తుకి ఆవునెలా ఎక్కిస్తారని సెక్యూరిటీ వాళ్ళు గొడవ. చివరికి సామాన్ల లిఫ్టులో ఎక్కించారు. పాపం ఆవు బెదిరిపోయి, హాల్లో అడుగు పెట్టగానే కొత్త గచ్చు మీద ధారగా పోసేసింది. "శుభం! శుభం!" అన్నారు పంతులుగారు. అత్తగారు గబగబా వంగి, చెంబు పట్టి, అరచేత్తో తీసి గదులన్నీ చల్లారు, తన నెత్తిన చల్లుకున్నారు, నా నెత్తినా చల్లారు. తేజ వీడియో తీస్తున్నాడు. ఆవు మీద నాకేం కోపం లేదు, చల్లని తల్లి. ఆ చేత్తోనే అత్తగారు అందరికీ ప్రసాదం పెడుతుంటే మాత్రం నాకు నవ్వాగలేదు. పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను.

పొయ్యి మీద పాలు పొంగుతుండగా ఫోన్ మోగింది. పుణ్యవతి. "అక్కా, బూందిని తీస్కపొమ్మని సార్ ఫోన్ చేసిండు. రెండో తాళంచెవి వాచ్‌మన్ కాడ ఉందట. నువ్వే చెప్పినవా?"

తేజ వైపు చూశాను. "ఇవాళ్టికి రిటర్న్ పెట్టేశాను. శుభమా అని ఇంట్లోకొస్తూ ఆ దరిద్రం ఎందుకు?" అన్నాడు, బట్టలు సైజు చాలకపోతే వెనక్కి పంపినట్టు.

"చెప్పక్కా, రావాల్నా వద్దా?" పుణ్యవతి గొంతులో కోపం ఉంది. బతికినంత కాలం అని నేనిచ్చిన మాట ఆమెకి గుర్తుంది.

"వద్దు పుణ్యవతీ. నేనే వెళ్తున్నాను" అన్నాను. పాల పొయ్యి ఆపాను. బ్యాగు తీసుకున్నాను.

అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "ఇవాళ ఈ ఇంట్లో నిద్ర చేయాలమ్మా. ఇల్లాలు గడప దాటితే ఇంటికి అరిష్టం."

"మీరు నిద్ర చేయండి అత్తయ్యా. మీరూ ఈ ఇంటి ఇల్లాలేగా" అన్నాను. ఆవిడ పక్కకి తప్పుకున్నారు. ఎందుకు తప్పుకున్నారో ఇప్పటికీ తెలీదు.

"కుక్క ఉచ్చ కోసం ఇల్లొదిలి పోతావా?" అని లిఫ్టు దాకా వచ్చి అరిచాడు తేజ.

"అవునండీ" అన్నాను.

కూకట్‌పల్లి చేరేసరికి బూంది పొట్ట ఉబ్బి ఉంది. చప్పుడు విని ముందుకాళ్ళతో గుమ్మం దాకా పాకి వచ్చింది. పట్టుచీరతోనే కింద కూర్చున్నాను.

ఆ అద్దెఇంట్లోనే ఉండిపోయాం, అదీ నేనూ. తేజ అప్పుడప్పుడూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి పంతం దిగిందా అని అడిగి వెళ్ళేవాడు. ఆఫీసుకి దగ్గరని అక్కడుంటోందని అత్తగారు చుట్టాలకి చెప్పుకున్నారు. బూంది ముసలిదైంది, కళ్ళు మసకబారాయి, కిడ్నీలు పాడయ్యాయి. మొన్న చలికాలంలో ఓ మధ్యాహ్నం, ఎండలో, నా ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. పుణ్యవతి, నేను కలిసి పూడ్చిపెట్టి వచ్చాం. ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో.

మర్నాడు తేజ ఫోన్ చేశాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది. "పోయిందటగా. పోనీలే, బాధపడకు. ఇంకా అక్కడ ఏం పని నీకు? వచ్చెయ్" అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను కుక్క కోసమే ఇక్కడున్నానని అనుకున్నాడు. ఆ ఫోన్ వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను.