దొడ్డిలో ఒక న్యాయం, ఇంట్లో ఒక న్యాయం

కోస్గి దగ్గరి ఆ పల్లెలో గొర్రె ఈనిందంటే గుర్వమ్మకు కబురు వెళ్లవలసిందే. ఆమె చేతిలో పడిన పిల్ల చావదని పేరు. ఆ కార్తీకమాసపు ఉదయం ఆమె తన దొడ్డిలోనే ఈనిన గొర్రె ముందు కూర్చుంది. చన్ను మొన తెరుచుకోవడానికి రెండు ధారలు నేలకు పిండి, తడి ఆరని పిల్ల నోటికి అందించింది. అది తోక ఆడిస్తూ చిక్కని పసుపుపచ్చ ముర్రుపాలు తాగుతుంటే తృప్తిగా చూసి, చేతులు కడుక్కొని ఇంట్లోకి వెళ్లింది.

ఇంట్లో కోడలు జానమ్మ ముందురోజే మగపిల్లవాణ్ణి కన్నది. గుర్వమ్మ ఆమె పక్కన కూర్చొని రొమ్ముపాలు పిండి గోడకు పోసింది. అవీ చిక్కని పసుపుపచ్చ పాలే. కానీ వాటిని ఆ ఇంట్లో ముర్రుపాలనరు, చెడ్డపాలంటారు. మూడు రోజులు పారబోసి, తెల్లపాలు పడ్డాకే బిడ్డకు రొమ్ము ఇస్తారు. అందాకా బెల్లం నీళ్లలో ముంచిన గుడ్డపీలికే బిడ్డకు ఆధారం.

పాఠకులారా, గుర్వమ్మను గయ్యాళి అత్త అనుకునేరు! జానమ్మ తొలి ఇద్దరు బిడ్డలూ పురిటి స్నానం కాకముందే విరేచనాలతో పోతే, అన్నం ముట్టకుండా ఏడ్చింది ఆవిడే. దిష్టి అనుకుంది, నుదుటి రాత అనుకుంది, కులదైవం బీరప్పకు మొక్కుకుంది. ఆ ఇంట్లో ప్రేమకు కొదువ లేదు. కొంప తీసింది తెలియనితనమే.

మరునాటికి ఈ బిడ్డకూ విరేచనాలు పట్టుకున్నాయి. ఏడుపు సన్నగిల్లింది. గుర్వమ్మ ఊదు పొగ వేసింది, దిష్టి తీసింది. పోయిన ఇద్దరికీ ఇలాగే మొదలైందని జానమ్మకు గుర్తుంది. ఆమె కళ్లు బిడ్డ మీది నుంచి కదలలేదు.

అంతలో పక్క వాడ కాపరి ఐలేశం ఒక గొర్రెపిల్లను భుజాన వేసుకొని వాకిట్లోకి వచ్చాడు.

“గుర్వవ్వా, జర సూడు. పిల్ల నిలవడ్తలేదు. కడుపు ఒకటే పారుతాంది.”

“ముర్రుపాలు తాపినవా?” అడిగింది గుర్వమ్మ.

“లేదవ్వా. పాలు మస్తుగున్నయని జున్నుకు పిండుకున్నం. పిల్లకు మేకపాలు తాపిన.”

గుర్వమ్మ భగ్గుమంది. “నీ నోట్ల మన్ను వడ! పుట్టిన పిల్ల కడుపుల ముందుగాల తల్లి ముర్రుపాలే వడాలె. గవి లేకుంటె ఏ రోగానికీ తట్టుకోదు. తాతల కాడికెల్లి గొర్లు కాస్తున్నరు, గీ మాత్రం ఎరుక లేదా?”

ఆ కేకలకు జానమ్మ బిడ్డనెత్తుకొని గడప దాకా వచ్చింది.

“అత్తమ్మా, గా పిల్లకున్న రోగమే నా కొడుక్కున్నది. మరి నా కొడుకు కడుపుల ముందుగాల ఏం వడ్డది?”

గుర్వమ్మ తడబడింది. “గొర్రె, మనిషి ఒక్కటేనానే? అయినా గొర్రెకు గూడ ముందు పిండుతం గద...”

“రెండు ధారలు పిండి పిల్లను ఇడుస్తవు. నా పాలు మొత్తం గోడకు పోస్తివి. పోయినోళ్లిద్దరికీ గంతే. గీన్ని పోగొట్టుకోను. ఎవలేమన్న అననీ, నేను పాలిస్త.”

మందలో ఏ పిల్లకూ చేయని అన్యాయం సొంత మనుమలకు చేశానని గుర్వమ్మకు అప్పుడు తెలిసింది. కోడలిని గోడకానించి కూర్చోబెట్టి, తానే బిడ్డ నోరు రొమ్ముకు చేర్చింది.

ఐలేశం తెచ్చిన పిల్లను తన గొర్రె కింద విడిచింది కానీ, ఆ పిల్ల దక్కలేదు. ఆ సంగతి విని జానమ్మ బిడ్డను ఒళ్లోంచి దించలేదు. గుర్వమ్మ పక్కనే కూర్చుంది. ఎట్లా ఉన్నాడని అడగడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. క్రమంగా విరేచనాలు తగ్గాయి. ఒక ఉదయం పిల్లవాడు ఆకలికి ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే, గుర్వమ్మ నవ్వుతూనే ఏడ్చింది.

తర్వాత టీకాలు వేయడానికి వచ్చిన దవాఖాన నర్సు శ్యామలమ్మ ఈ సంగతంతా విన్నది. “మంచి తోడు పడితే పాలు పెరుగైతయి, చెడ్డది పడితే ఇరుగుతయి. పసికడుపు గూడ గట్లనే. మొదటి పాలు పేగులకు కాపలా పెట్టి, మంచి తోడును పెరగనిస్తయి, రోగాన్ని ఆపుతయి” అని చెప్పింది.

ఆ వేసవిలో గుర్వమ్మ వాడలోనే పుష్పమ్మ అనే ఆమె ప్రసవించింది. మంత్రసాని పాలు పిండబోతుంటే గుర్వమ్మ ఆమె చేయి పట్టుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు విస్తుపోయారు.

“ఆగు. గిట్లనే పారబోసి ఇద్దరు మనుమల్ని మట్టిల వెట్టిన. దేవుడు తీస్కపోయిండని ఏడ్సిన. దేవుడు తీస్కపోలేదు, పాలిచ్చే పంపిండు. తల్లికి ముందుగాల వచ్చే పాలు చెడ్డవి గావు, బిడ్డకు అవే పాణం. పారబోయకుండ్రి, తాపుండ్రి.”