ఈజ్ కాదు, వాజ్

ఆళ్లగడ్డలో పొద్దున్నే బయలుదేరిన, బొగ్గుతో నడిచే బస్సు నంద్యాల చేరేసరికి మధ్యాహ్నమైంది. సర్కారు కచేరీ వరండాలో ఇంకో రెండు గంటలు కూర్చున్నాక గుమాస్తా తల్లీకూతుళ్లను పిలిచాడు. కోమలవల్లి తాను ఇంగ్లీషులో రాసిన అర్జీ అందించింది. పటాలంలో చేరి బర్మా పోయిన అన్న రంగనాథం జాడ తెలపమని ఆమె రాయడం ఇది నాలుగోసారి. అతని నుంచి జాబు వచ్చి మూడేళ్లయింది. యుద్ధం ముగిసి కూడా ఏడాది కావస్తోంది.

గుమాస్తా మొదటి వాక్యం దగ్గరే ఆగాడు. మా అన్న పేరు రంగనాథం అన్న వాక్యం అది.

"ఇన్నేండ్లు జాడ లేని మనిషికి 'ఈజ్' ఏందమ్మాయ్? బళ్లో ఇదేనా నేర్పింది? 'వాజ్' అని రాయల్ల. దిద్దియ్యి, పైకి పంపుతా."

"ఏమంటాండాడే?" అని బల్ల మీద కూర్చున్న తల్లి సీతాలక్ష్మి అడిగింది.

"ఒక మాట తప్పంట."

"అయితే దిద్దియ్యి తల్లీ. నాకింక తిరిగే ఓపిక లేదు."

కోమలవల్లి కలం పట్టుకుని చాలాసేపు కాగితాన్ని చూసింది. తెలుగులో ఈ వాక్యానికి క్రియే అక్కరలేదు. ఉన్నవాడి పేరైనా, పోయినవాడి పేరైనా ఒకే తీరుగా చెప్పవచ్చు. ఆమె 'ఈజ్' కొట్టేసి, దాని బదులు ఏమీ రాయకుండా కాగితం తిరిగి ఇచ్చింది.

"క్రియ యాడ పాయె?" అన్నాడు గుమాస్తా.

"అది మీరే కనుక్కొని రాయండయ్యా," అంది ఆమె తల ఎత్తకుండా. "దానికోసమే వచ్చినాం."

గుమాస్తా ముద్ర వేసి కాగితాన్ని కట్టలో పెట్టాడు.

"దిద్దినావా?" అంది సీతాలక్ష్మి, కూతురి భుజం పట్టుకుని లేస్తూ.

"దిద్దినా అమ్మా."