పాదాలు చూసి మోగిన రేకు

నేను ఒక గ్విరాను. డొమినికన్ దేశంలో బచాటా పాటకు తాళం వేసే రేకు గొట్టాన్ని. అంతకు ముందు నూనె డబ్బాను. ఎవరిస్తో అనే రేకుల పనివాడు నన్ను కోసి, చుట్టి, మేకుతో ఒళ్లంతా బొడిపెలు లేపాడు. ఇనుప పుల్లలతో గీరితే గరగరమంటాను. నూనె పోయింది, మోత వచ్చింది. నష్టపు బేరం కాదు.

అప్పట్లో బచాటా పెరటి సరుకు. గిటార్లు, నేను, మట్టి నేల. జంటలు ఆనుకుని నిలబడి చిన్న చదరంగా అడుగులు వేసేవారు. ఇటుకంత చోటు దాటకుండా ఆడినవాడే ఆటగాడు. పట్నం పెద్దమనుషులు మమ్మల్ని సారా కొట్ల సరుకన్నారు, గుమ్మం ఎక్కనివ్వలేదు. తరువాత వాళ్ల పిల్లలే నేర్చుకున్నారు. చదరం విప్పి పక్కకు మూడు అడుగులు, నాలుగోదానికి నడుము విదిలింపు. సరుకు అదే, చుట్టిన కాగితం మారింది.

నన్ను వాయించేదీ ఎవరిస్తోనే. వాయించేటప్పుడు గిటారు వైపు చూడడు. ఆడేవాళ్ల పాదాలే చూస్తాడు. పాదం ఆగితే చెయ్యి ఆగుతుంది.

ముసలితనంలో అతన్ని పిలిచేవాళ్లు లేకపోయారు. కూతురు మిలాగ్రోస్ తాను పాఠాలు చెప్పే నాట్యశాలకు తీసుకెళ్లింది. యజమానురాలు ఇర్మాకు వాయింపు నచ్చితే అక్కడ పని దొరుకుతుంది. అదే ఆఖరి గిరాకీ.

"నాన్నా, ఇది స్పెయిన్ నుంచి వచ్చిన పద్ధతి. ఒళ్లు అలలా తిప్పుతారు. కంగారు పడకు."

"యాభై ఏళ్లు కాళ్లు చూసినవాణ్ణే. అలైతే నాకేంటి, తుఫానైతే నాకేంటి?"

బాగానే మొదలైంది. పాట మధ్యలో జంటలు ఉన్నచోటే నిలబడి, ఛాతీ నుంచి నడుము దాకా నెమ్మదిగా మెలితిరిగాయి. పాదాలు కదల్లేదు. ఆట అయిపోయిందనుకుని ఎవరిస్తో పుల్లలు జేబులో పెట్టుకున్నాడు. నాట్యశాల గిటారువాడు ఒక్కడే వాయిస్తూ పోయాడు.

"ఆపేశావేం, పెద్దాయనా?" అంది ఇర్మా.

"వాళ్లే ఆగారు కదమ్మా."

విద్యార్థులు నవ్వారు. ఇర్మా నవ్వలేదు. "రికార్డయితే ఆగదు. ఆ రేకు మాత్రం ఇచ్చి వెళ్లు, గోడకు బాగుంటుంది."

కూతురి ఉద్యోగం అక్కడే. ఇచ్చేశాడు.

ఇప్పుడు మేకుకు వేలాడుతున్నాను. ఎవరూ గీరరు, అరుగుదల లేదు. దుమ్ము తుడుస్తారు. లాభమే అనుకోవాలి. పాఠానికి ముందు మిలాగ్రోస్ ఒక్కతే నా కింద నిలబడి, ఇటుకంత చోటులో ఒక చదరం వేస్తుంది. వేసి ఆగుతుంది. తరువాత వెళ్లి రికార్డు పెడుతుంది.