తెలియదన్న మాట

త్రినాథరావు టెక్కలిలో తొమ్మిదేళ్లుగా క్రైస్తవ బోధకుడు. కోటబొమ్మాళి సంతలో అతను నిలబడి మాట్లాడితే బేరాలాడేవాళ్లు కూడా కాసేపు ఆగి వినేవారు. అతను ‘అనుకుంటున్నాను’ అనేవాడు కాదు. ‘నాకు తెలుసు’ అనేవాడు. యేసును నమ్మినవాడికి నిత్యజీవం, నమ్మనివాడికి ఆరని అగ్ని. ఈ రెండింటికీ మధ్య దారి లేదని చెప్పేవాడు.

ఆ నమ్మకం మీదే ఇల్లు వదిలాడు. నిమ్మాడలో వాళ్లది భూములున్న కుటుంబం. ఇరవై రెండో యేట వంశధారలో బాప్తిస్మం తీసుకుని, అన్ని కులాలవాళ్లతో ఒకే బంతిలో భోజనం చేశాడని ఊరు వెలివేసింది. తండ్రి అప్పటికే లేడు. తల్లి వరహాలమ్మ ఆ రోజు అతనికి అడ్డుపడలేదు. యేడాదికోసారి కోతలయ్యాక అతను వచ్చి పశువులశాల దగ్గర నిలబడితే, ఆకులో అన్నం పెట్టి, తిన్నంతసేపూ దూరంగా కూర్చుని చూసేది. ఎందుకు వెళ్లావని ఒక్కనాడూ అడగలేదు.

1918 కార్తీకంలో ఆ ప్రాంతమంతా జ్వరం పాకింది. వానల్లేక సగం ఎండిన వరిని కోసే మనుషులు కూడా మిగల్లేదు. అమ్మ నిన్ను చూడాలంటోంది, రమ్మని తమ్ముడు మల్లేశ్వరరావు కబురు పెట్టాడు. త్రినాథరావు ఆ దారంతా ప్రార్థన చేస్తూ నడిచాడు. అమ్మను తనకు దక్కించమని కాదు, పోయేలోగా ఆమె నోట యేసు పేరు పలికించమని.

తమ్ముడు అతన్ని గడప దాటి లోపలికి రానిచ్చాడు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. వరహాలమ్మ నులకమంచం మీద ఎండుకట్టెలా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా గరగరమంటోంది. మల్లేశ్వరరావు భార్య మహాలక్ష్మి గంజినీళ్లు పడుతుంటే ఆమె చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి కొడుకు వైపు తిరిగింది. అతను మంచం పక్కన కూర్చుని, దారిలో కూర్చుకున్న మాటలు మొదలుపెట్టబోయాడు.

“ఆగు. ముందు నానడిగింది సెప్పు,” అంది వరహాలమ్మ. “మన పైడమ్మ ఎక్కడుంది?”

పైడమ్మ అతని చెల్లెలు. ఆరేళ్లప్పుడు మశూచికం వచ్చి చనిపోయింది. అప్పటికి ఆ ఊళ్లో యేసు పేరు విన్నవాళ్లే లేరు.

ఇలాంటి ప్రశ్న త్రినాథరావుకు కొత్త కాదు. ఎంత వయసు నుంచి బిడ్డల పాపం లెక్కకొస్తుందో తోటి బోధకులతో గంటలకొద్దీ వాదించినవాడే. ఇప్పుడు అడుగుతున్నది అమ్మ. స్వర్గంలో ఉందంటే అమ్మ ప్రాణం తేలికపడుతుంది. కానీ అది తెలిసి చెప్పే మాట కాదు, అమ్మ కోసం చెప్పే మాట అవుతుంది. లేదంటే అగ్నిలో ఉందనాలి. చివరిరోజు ఒళ్లంతా పొక్కులతో, దాహం దాహం అని తన చొక్కా పట్టుకున్న పిల్ల గుర్తొచ్చింది. ఆ మాట అనలేకపోయాడు.

“తెలీదమ్మా,” అన్నాడు.

“తెలీదా?”

“తెలీదు.”



“మరి తెలీకుండానే నన్నొగ్గేసి ఎలిపోనావేటి, నాయినా?”

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. అన్నీ తెలియకపోయినా ప్రభువు తనకు తెలుసని, ఆయన అన్యాయం చేసేవాడు కాదని అతను ఏదేదో చెప్పాడు. వరహాలమ్మ గోడ వైపు తిరిగిపోయింది. చెయ్యి పట్టుకుని పిలిచాడు, పైకే ప్రార్థన చేశాడు. ఆమె మళ్లీ ఇటు తిరగలేదు. మర్నాడు మధ్యాహ్నం ప్రాణం పోయింది.

చితికి తమ్ముడు నిప్పుపెట్టాడు. త్రినాథరావు దూరంగా గట్టు మీద నిలబడ్డాడు. ఆ సాయంత్రం మహాలక్ష్మి అతనికి ఒక సంగతి చెప్పింది. ఊళ్లో ఎవరు ఏమన్నా అత్తగారు ఒకే జవాబు చెప్పేదట, నా కొడుక్కి మనకెవరికీ తెలీనిదేదో తెలిసింది, లేకపోతే నన్నొదిలి పోతాడా అని. అతను విని పశువులశాలలోకి వెళ్లి కూర్చుండిపోయాడు.

మూడోనాడు మల్లేశ్వరరావు అక్కడికి వచ్చాడు.

“నువ్వమ్మతో అన్నది ఇన్నాను,” అన్నాడు. “తెలీనప్పుడు ఇంకా ఆళ్లతో ఏటి? పాయచ్చిత్తం సేయించుకో. ఊరోళ్లతో నాను మాట్లాడతాను. ఇంటికొచ్చీ, అన్నా.”

త్రినాథరావుకు రావాలనే ఉంది. ఆ రోజంతా అక్కడే కూర్చుని ఆలోచించాడు. ఇంట్లో పిల్లల మాటలు వినబడుతుంటే లేచి లోపలికి పోదామని రెండుసార్లు అనిపించింది. కానీ తిరిగి రావాలంటే తను నమ్మిందంతా అబద్ధమని నలుగురిలో ఒప్పుకోవాలి. అబద్ధమని కూడా అతనికి తెలియదు. పొద్దువాలే వేళకు లేచి, రాలేనని తమ్ముడితో చెప్పాడు. ఎందుకు రాలేవో చెప్పమంటే చెప్పలేకపోయాడు.

“అయితే అమ్మని ఉత్తినే ఉసూరుపెట్టినావు,” అని మల్లేశ్వరరావు తలుపేసుకున్నాడు.

టెక్కలిలో పెద్ద బోధకుడు వైకుంఠరావు అతని కోసం ఎదురుచూస్తున్నాడు. త్రినాథరావును ఈ మార్గంలోకి తెచ్చింది ఆయనే. తల్లి నమ్మిందా అని ఆత్రంగా అడిగాడు. జరిగిందంతా విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఒక్క గడియ గట్టిగా నిలబడి ఉంటే ఆ తల్లి ఆత్మ దక్కేదన్నాడు. వచ్చే సంతలో ఎప్పటిలా మాట్లాడగలవా అని అడిగాడు. నమ్ముతున్నానని చెప్పగలను గానీ తెలుసని చెప్పలేనన్నాడు త్రినాథరావు. అలాగైతే సంతకు వద్దన్నాడు వైకుంఠరావు. జ్వరంతో పోయినవాళ్లను పూడ్చడానికి మనుషులు దొరకడం లేదని, ఆ పని చూడమన్నాడు.

ఆ నెలంతా త్రినాథరావు గోతులు తవ్వాడు. రోజుకు రెండు, ఒక్కోరోజు నాలుగు. మట్టి కప్పే ముందు ప్రార్థన చేసేవాడు. మునుపు అరగంట ప్రార్థించే మనిషి రెండు మాటలతో ముగించేవాడు. ఎవరూ లేనప్పుడు ఆ మాటల చివర పైడమ్మ పేరూ వరహాలమ్మ పేరూ చెప్పేవాడు. పోయినవాళ్ల కోసం ప్రార్థించకూడదని అతనే ఒకప్పుడు బోధించాడు.

ఒకరోజు బొడ్డమ్మ అనే ఆవిడ మూడేళ్ల బిడ్డను చీరచెంగులో చుట్టుకుని తెచ్చింది. గోతిలో దించబోతే వదల్లేదు.

“దేవుడి కాడికే ఎల్లిందంటావా, అయ్యా?”

“నానూ అదే అడుగుతున్నానమ్మా. రోజూ అడుగుతున్నాను.”

బొడ్డమ్మకు ఆ మాట చాల్లేదు. బిడ్డను అతని చేతుల్లో పెట్టి, అదే అడగడానికి వైకుంఠరావు ఇంటివైపు నడిచింది. త్రినాథరావు బిడ్డను దించి, మట్టి కప్పి, పార భుజాన వేసుకుని కబురొచ్చిన మరో ఇంటికి వెళ్లాడు.