బాస్రా హౌస్‌లో నీలం పురికొస

అప్పయ్య చేతులకి బేడీలు పడేసరికి మూడుంబావయింది. ఐదింటికి ఫెర్రీ. పోలీసు లారీ ఆ ఫెర్రీలో అవతలి ఒడ్డుకి, అక్కణ్ణుంచి ఖైదు శిబిరానికి, ఆ తర్వాత అప్పయ్య ఏదో ఒక మద్రాసు ఓడలోకి. అరవయ్యేళ్ళ అప్పయ్య పుట్టింది ఇక్కడే మలయాలో, పెరాక్ కొబ్బరి ఎస్టేటులో. ఇండియా ఆయన ఎప్పుడూ చూడని దేశం.

హోటలు కౌంటరు మీద ఆరు గొడ్డుమాంసం డబ్బాలున్నాయి. వాటి మీద హీబ్రూ అక్షరాలు. పినాంగ్ దీవి మొత్తంలో అలాంటి డబ్బాలు దొరికేది ఒక్కచోటే, యూదుల తిండి నియమాలు పాటించే ఈ బాస్రా హౌస్‌లో. ఆ పొద్దున అవి కొండ వెనక అడవిలో, కమ్యూనిస్టులు వదిలేసి పారిపోయిన గుడారంలో దొరికాయి.

"అడవిలోవాళ్ళకి చేరకుండా, తెచ్చిన ప్రతి డబ్బాకీ చిల్లు పొడవాలని సర్కారు రూలు. వీటికి పొడవలేదు. అడవిలో నెలలకొద్దీ నిలవుంటాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హాలెట్. ఇంగ్లండు నుంచి వచ్చి మూడు నెలలే అయింది. మలయ్ రాదు, తమిళం రాదు, తెలుగనే భాష ఉందని ఆరోజే తెలిసింది. "వంటింటి తాళం ఈ వంటవాడి దగ్గరే కదా ఉండేది?"

"మా అయ్య దగ్గరే," అంది రత్నావతి.

కౌంటరు వెనక టైపు మిషను ముందు నిలబడి ఉందామె. అప్పయ్య కూతురు, హోటలు గుమాస్తా. మిషన్లో సగం కొట్టిన కాగితం ఒకటి, అతిథులకిచ్చేది. "గదికో పంకా. వేడినీళ్ళు. రెండు వంటిళ్ళు, మాంసానికొకటి, పాలకొకటి. శుక్రవారం పొద్దుగూకకముందే దీపాలు. నడకదూరంలో పాత కోట, ఫిరంగులు, గడియారం స్తంభం, నూటయాభై ఏళ్ళనాటి యూదుల శ్మశానం. ఆదివారం కొండ రైలు, పిక్నిక్ బుట్టతో సహా. గైడు..."

అంతవరకే కొట్టింది.

కలకత్తా నుంచి వచ్చిన ఒక అతిథి గొడుగుతో మెట్లు దిగొచ్చింది. "నాలుగింటికి శ్మశానం చూపిస్తామన్నారు, ఉందా లేదా? మీ గైడు పేరేమిటో?"

రత్నావతి పాత కాగితం ఒకటి తీసి, అందులో పేరు మీద వేలు పెట్టింది.

హోటలు యజమానురాలు రాహేల్ దొరసానికి అంత ఆందోళనలోనూ వేళాకోళం అలవాటు పోలేదు. "ఆమె చెప్పదు లెండి. మొగుడి పేరు. నాలుగేళ్ళనుంచి వేలితోనే చూపిస్తోంది. మేం దేవుడి పేరు పలకం, వీళ్ళు మొగుడి పేరు."

ఆ గైడు తలుపు పక్కనే ఉన్నాడు. మునుసామి. అప్పయ్య అక్క కొడుకు, అప్పయ్య అల్లుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ. "నాలుగున్నరకి మేడమ్, కొంచెం ఆలస్యం," అన్నాడు నవ్వుతూ.

ఇన్‌స్పెక్టర్ డబ్బాలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. మూడేసి డబ్బాలు కలిపి కట్టిన మూటలు రెండు. రత్నావతి చూపు కట్టు మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

నీలం పురికొస.

ఆమె తండ్రి వైపు చూసింది. అప్పయ్య అప్పటికే తల దించుకున్నాడు. ఆయన తనకంటే ముందే చూశాడు.

యూదుల నియమంలో మాంసమూ పాలూ కలవకూడదు. బాస్రా హౌస్ వంటిళ్ళలో ఎరుపు మాంసానికి, నీలం పాలకి. గిన్నెలు, గరిటెలు, గుడ్డలు, తొట్లు, చివరికి పురికొస కూడా. గొడ్డుమాంసం నోట పెట్టని అప్పయ్య, ఆ నియమాన్ని దొరసాని కంటే గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి ఎర్ర గరిటె పాలకుండలో పడితే, ఎవరూ చూడకపోయినా తనే వెళ్ళి చెప్పి, కుండతో సహా పారబోయించాడు. ఆయన చెయ్యి మాంసం డబ్బాకి నీలం కట్టు కట్టదు.

నీలం పురికొస ఇంకొకచోట కూడా ఉంటుంది. పిక్నిక్ అలమారాలో. కొండ మీదికి వెళ్ళే బుట్టలో ఎప్పుడూ జున్ను, వెన్న, రొట్టె, ఉడికించిన గుడ్లే. అందుకని అక్కడ నీలం ఒక్కటే పెడతారు. వంటింటి గుట్టు తెలియని మనిషికి నీలమంటే పాలు కాదు, పిక్నిక్. ఆ అలమారా తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

"ఒక్క నిమిషం సార్, నీళ్ళు తెస్తాను," అని రత్నావతి లోపలికి నడిచింది. వెళుతూ మొగుడి వైపు చూసింది. అతను వెనకే వచ్చాడు.

గిన్నెల గదిలో తలుపు వేసింది. "బావా, ఆ కట్టు నీదే."

"ఏ కట్టు?"

"నా ముందర నాటకాలొద్దు. నీలం పురికొసతో మాంసం కట్టేది ఈ ఇంట్లో నువ్వొక్కడివే. అయ్యకీ తెలిసిపోయింది."

మునుసామి తలుపు వైపు చూశాడు. గోడకి ఆనుకున్నాడు. "నానేటి సేసేది రత్నా? మూడు నెల్ల కింద కొండ మీద నలుగురు పట్టుకున్నారు. డబ్బాలు తెస్తావా, నీ పెళ్ళాం ఇల్లు సూపిస్తావా అన్నారు. మావయ్య తాళాలు తలగడ కిందెట్టి పడుకుంటాడు గదా, అప్పుడు తీసినాను. దొరసానుల పిక్నిక్ బుట్ట రైలు స్టేషన్లో ఎవుడూ యెతకడు."

"బెదిరించినారని ఆ తెల్లోడితో సెప్పు. ఇంటాడు."

"ఇని ఏటి సేస్తాడు? అడవికి మోసినోణ్ణి గదా, పదేళ్ళు లోపలేస్తాడు. మావయ్యకయితే ఓడెక్కించడమే గదా. అరవయ్యేళ్ళ మడిసి. ఎక్కడున్నా ఒకటే."

"ఎక్కడున్నా ఒకటేనా?"

"అరవకే."

"ఆయనకక్కడ ఎవులున్నారు బావా? ఊరి పేరయినా తెలుసా ఆయనకి?" రత్నావతి గొంతు తగ్గించింది. "నాను సెప్పను. నువ్వే సెప్పాలి. ఫెర్రీ లోపు సెప్పు. నీతోపాటు నానూ స్టేషనుకొస్తాను, వకీలుని పెడదాం, ఉన్నదంతా అమ్ముదాం. కానీ నువ్వే సెప్పు."

మునుసామి టోపీ అంచు నలిపాడు. చివరికి తల ఊపాడు. "సరే. సెప్తాను."

బయటికి వచ్చేసరికి నాలుగుంబావు. లారీ ఇంజను తిరుగుతోంది. వీధిలో ఎన్నికల ఊరేగింపు పోతోంది, "మెర్డెకా! మెర్డెకా!" అని మలయ్‌లో స్వాతంత్ర్యపు కేకలు. ఇన్‌స్పెక్టర్ కిటికీ మూసేసి, కలం తీశాడు.

"వాంగ్మూలం రాసుకోవాలి. ఇతనికి ఇంగ్లీషు రాదు. ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను సార్," అన్నాడు మునుసామి.

రత్నావతి అతని వైపు తిరిగింది. ఇప్పుడు చెబుతాడు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

అప్పయ్య అల్లుడి ముఖంలోకి నేరుగా చూశాడు. "నానే తీసినాను, నానే కట్టినాను అని సెప్పు. ఇంకెవుల్నీ అడక్కండని సెప్పు. నా కూతురు సల్లగుండాల. నిన్ను సూసుకుంటానని మా అక్కకి మాటిచ్చినాను."

మునుసామి గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "తనే తీశానంటున్నాడు సార్. ఆరు నెలలుగా తీస్తున్నాడట. ఇంకెవరికీ తెలియదట. అడవిలో ఉన్నవాళ్ళు తన మనుషులేనట. తనూ వాళ్ళ పార్టీయేనట."

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. "పార్టీ మనిషా?"

"అలాగే అన్నాడు సార్."

"అయితే ఓడ సంగతి తర్వాత. ముందు జైలు. బయటికి రావడం కష్టమే."

అప్పయ్యకి ఆ మాటలు అర్థం కాలేదు. అల్లుడు తను చెప్పిందే చెప్పాడనుకుని, నమ్మకంగా తల ఊపాడు. ఆ తల ఊపడం రత్నావతి చూసింది. మునుసామి ఆమె వైపు చూడలేదు. గోడ మీద కోట బొమ్మ కేసి చూస్తున్నాడు.

"సార్," అంది ఆమె. "ఆయన ఆ మాటలు అనలేదు."

మునుసామి ఒక్క అంగలో కౌంటరు దగ్గరికి వచ్చాడు. "తండ్రి మీద ప్రేమతో అంటోంది సార్."

"మా నాన్న ఒక్కమాట కూడా పార్టీ గురించి అనలేదు. తనే తీశానన్నాడు, అదీ అబద్ధమే. ఈ కట్టు చూడండి." ఆమె నీలం పురికొస పైకెత్తింది. "దొరసానిగారూ, మా నాన్న మాంసానికి నీలం కడతాడా?"

రాహేల్ దొరసాని కర్ర మీద వంగి చూసింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. "అప్పయ్యా? నాకు విషమైనా పెడతాడేమో గానీ, ఈ పని చెయ్యడు. ఇది వంటింటి చెయ్యి కాదు ఇన్‌స్పెక్టర్. ఇది పిక్నిక్ అలమారాలోది."

"ఆ అలమారా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

దొరసాని కళ్ళజోడు తీసింది. రత్నావతి వైపు చూసింది. నిర్ణయం ఆమెకే వదిలేసింది.

రత్నావతి చెయ్యి, అలవాటు కొద్దీ, కౌంటరు మీది పాత కాగితం వైపు వెళ్ళింది. ఆదివారం కొండ రైలు, పిక్నిక్ బుట్టతో సహా. ఆ చివరి పేరు మీద వేలు పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ కాగితం కేసి చూశాడు, తలుపు దగ్గరి కానిస్టేబులు కేసి చూశాడు. కానిస్టేబులు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇది గైడు పేరు. నేనడిగేది డబ్బాలు కట్టినవాడి పేరు. వేలితో చూపిస్తే నేను రాసుకోలేనమ్మా. సాక్షుల ముందు, నోటితో చెప్పాలి."

"వద్దు తల్లీ," అన్నాడు అప్పయ్య. సంగతి ఇప్పుడర్థమైంది ఆయనకి. బేడీల చేతులు ముందుకి చాచాడు. "నా మాటిను. నాను పోతాను. నాకేటి, ముసలోణ్ణి."

"రత్నా," అన్నాడు మునుసామి. గొంతు పూర్తిగా మారిపోయింది. "నీ మొగుణ్ణే. నాలుగేళ్ళు కాపరం సేసినావు. నోరెలా వొస్తాదే నీకు?"

"నిన్ను సెప్పమన్నాను బావా. సెప్తానన్నావు."

గడియారం స్తంభం నుంచి నాలుగున్నర గంట మోగింది. మెట్ల మీద కలకత్తా అతిథి గొడుగు పట్టుకుని ఇంకా గైడు కోసం చూస్తోంది.

రత్నావతి పెదవులు కదిలాయి. మొదటిసారి శబ్దం రాలేదు. తండ్రి మణికట్టు మీది ఇనుము కేసి ఒకసారి చూసి, తలెత్తింది.

"మునుసామి," అంది.

"గట్టిగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మునుసామి. డబ్బాలు తీసింది, కట్టింది, మోసింది నా మొగుడు మునుసామి."