వదిన ఫోన్లో గోదాము

వదిన మళ్ళీ గెలిచేసరికి మరదలికి అనుమానం గట్టిపడింది.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. దొంగ గోదాములో దాక్కుంటాడు, పోలీసు వెతికి పట్టుకుంటాడు. గోదాము చాలా పెద్దది, తెరమీద మాత్రం ఎవరి బొమ్మ ఎక్కడుంటే దాని చుట్టుపక్కల కాస్తే కనిపిస్తుంది. మరి వెతుకులాడకుండా, కందిరీగలా తిన్నగా తనమీదికే ఎలా వస్తోంది ఈవిడ?

ఆట చేసింది తన మొగుడే, వదినకు సొంత తమ్ముడు. రేపు ఆఫీసులో అప్పగించాలి, ఈలోగా ఆడి చూడండంటూ ఇద్దరి ఫోన్లలోనూ వేశాడు. వేసి, ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే ఆమెకు నచ్చలేదు.

“ఏమండీ, మీరు వంటింట్లోకి పొండి.”

“నేనేం చేశానే?”

“ఏం చేశారో తెలిస్తే పొమ్మంటానా, ఇక్కడే కడిగేద్దును. పోయి ఉల్లిపాయలు ఒలవండి.”

అతను వెళ్ళాక తలుపు కూడా వేసింది. ఈసారి పెట్టెల జోలికి పోకుండా ఓ స్తంభం పక్కన నక్కింది. ఊపిరి తీసుకునే లోపే వదిన వచ్చి పట్టేసుకుంది.

“ఇప్పుడు తమ్ముడు లేడుగా, ఎవర్ని అంటావు?” అని నవ్వింది వదిన. “నీకు దాక్కోవడం రాదమ్మాయ్.”

“రాదో, నేనెక్కడ దాక్కుంటానో ఆయన ముందే మీ చెవిలో ఊదారో!”

విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. “నిజం చెప్పండి. మీ అక్కకి కిటుకులేమైనా చెప్పారా?”

“చెప్పలేదు మొర్రో! ఏ ఫోన్లోనైనా తెరమీది బొత్తాలు ఎక్కడివక్కడే ఉంటాయి, అక్షరాలు తెగవు. నెల రోజులు ఆ పనిమీదే చచ్చాను. అందరికీ ఒకటే ఆట.”

“బొత్తాల సంగతి ఎవరడిగారు?”

“అంటే నా మాట నమ్మవు.”

“ఇవాళ్టికి నమ్మను.”

అతని మొహం ముడుచుకుంది. ఉల్లిపాయల వల్లో, మాట వల్లో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె తిరిగొచ్చి ఫోన్లు మార్చుకుందామంది. వదిన తటపటాయించింది. అదీ అనుమానమే.

“నా ఫొటోలు చూడకు మరి,” అంటూ ఇచ్చింది చివరికి.

మరదలిది పాత, పొట్టి ఫోను. వదినది కొత్తది, అడ్డంగా పట్టుకుంటే బారెడు. ఈసారి దొంగ వదిన. పోలీసు గుమ్మంలో నిలబడగానే మరదలి కళ్ళు పెద్దవయ్యాయి. తన ఫోన్లో ఇక్కణ్ణుంచి స్తంభం దాకానే కనిపించేది. ఇందులో స్తంభం అవతల బస్తాలు, బస్తాల వెనక దొంగ టోపీ!

“ఏమండీ! ఉల్లిపాయలు వదిలేసి రండి!”

అతను రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆట చేసేటప్పుడు గోదాము బొమ్మను తెర ఎత్తుకు మాత్రమే సరిపెట్టాడు. పొడుగు తెరలో పక్కల మిగిలిన చోటంతా గోదాము పరుచుకుంది. నెలంతా బొత్తాలనే చూశాడు గానీ వాటి వెనక ఎంత కనిపిస్తోందో చూసుకోలేదు.

“అన్యాయంగా ఆడిపోసుకున్నావు కదే,” అంది వదిన. “నాకేం తెలుసు, అందరికీ అంతే కనిపిస్తుందనుకున్నా.”

అతను కంప్యూటర్ ముందేసుకున్నాడు. అందరికీ సమానంగా కనిపించేలా చేసి, పొడుగు తెరల్లో మిగిలే అంచుల్లో ఇటుకగోడ బొమ్మ పెట్టాడు. తక్కిన ఉల్లిపాయలు మరదలే ఒలిచింది, కిక్కురుమనకుండా.

మళ్ళీ ఆడారు, ఎవరి ఫోన్లో వాళ్ళు. వదిన గోదామంతా తిరిగింది. గడువైపోయింది, దొంగ దొరకలేదు.

వదిన తన తెరమీది ఇటుకగోడను చూసింది. మరదలి నవ్వును చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

“ఒరేయ్, నువ్వు లేచి వంటింట్లోకి పో.”